మందుకంటే ముందు నీళ్లు

టెంకాయ పొట్టులో టమాటా, క్యాప్సికం పెంచుతున్నామని చెప్పేవాళ్లు మా సోమందేపల్లి చుట్టుపక్కల ఇప్పుడు తరచుగా తగులుతున్నారు. నర్సరీల్లో ప్రోట్రేలు నింపడానికి వచ్చిన కోకోపీట్ షేడ్‌నెట్ల కిందికి చేరింది, అక్కడి నుంచి మిద్దెల మీదికి ఎక్కింది. వీళ్లలో ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే: "అక్కా, ఏం మందు పోస్తుండావు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మీ బోరు నీళ్లు టెస్టు చేయించినారా?" మందు పేరు చెప్పడం ఇష్టం లేక మాట దాటేస్తున్నానని కొందరు చిన్నబుచ్చుకుంటారు. దాటేయడం కాదు. పొట్టులో పంట తీసే పనికి మన సీమలో మొదటి మెట్టు నీళ్లేనని ఏళ్లుగా చూసి నమ్మి చెబుతున్న మాట అది.

మట్టిలో ఎరువు ఒక గుప్పెడు ఎక్కువైనా, నీళ్లలో సున్నం కాస్త పెరిగినా నేల సర్దుకుంటుంది. బంకమన్ను, కుళ్లిన ఆకులలములు, లెక్కలేనన్ని సూక్ష్మజీవులు కలిసి ఆ తేడాను మింగేస్తాయి. పది లీటర్ల గ్రోబ్యాగుకు ఆ సౌకర్యం లేదు. పొట్టు తన బరువుకు ఎనిమిది రెట్ల దాకా నీళ్లు పట్టుకుంటుంది, అంత తడిలోనూ వేరుకు గాలి ఆడనిస్తుంది. ఈ రెండు పనుల్లో దానికి సాటి వచ్చేవి తక్కువ. తిండి మాత్రం దాదాపు ఏమీ పెట్టదు. మొక్కకు కావలసిన ప్రతి ధాతువూ మనం పోసే నీళ్లలోంచే రావాలి.

పొట్టు ఏమీ పెట్టదన్నాను గానీ, మనం అడక్కుండానే రెండింటిని వదులుతుంది: పొటాషియం, సోడియం. టెంకాయ చెట్టు ఆ రెంటినీ ఇష్టంగా తీసుకుంటుంది, అవి పీచులోనూ పొట్టులోనూ నిలవుంటాయి. పీచు తీయడానికి తొక్కలను ఉప్పునీటిలో నానబెట్టే తీరప్రాంతాల సరుకులో సోడియం ఇంకా ఎక్కువ. బ్లాకును నీళ్లలో ఉబ్బించి, రెండు మూడు సార్లు కడిగి పిండితే ఉప్పు పోయిందని అందరూ అనుకుంటారు. విడిగా ఉన్న ఉప్పు పోతుంది, నిజమే. కానీ రేణువులను అంటిపెట్టుకున్న పొటాషియం, సోడియం ఉత్త నీళ్లకు కదలవు. వాటిని నెట్టి ఆ చోట కూర్చోగల బలమైనది రావాలి. అది కాల్షియం. అందుకే కడిగిన తర్వాత ఐదు కిలోల బ్లాకుకు వంద గ్రాముల చొప్పున కాల్షియం నైట్రేటు కరిగించిన నీళ్లలో పొట్టును ఒక రాత్రంతా నాననిచ్చి, వడకట్టి, మళ్లీ ఒకసారి మంచినీళ్లతో కడుగుతాను.

ఇంత ఓపిక ఎందుకంటారా? మనం చేయకపోతే ఆ పని పొట్టే చేసుకుంటుంది, మొక్కకని పోసిన మందుతో. నాటిన మొదటి వారాల్లో మనం పోసిన కాల్షియం పొట్టు పట్టేసుకుంటుంది, బదులుగా పొటాషియం విడుదల చేస్తుంది. పైకి మొక్క ఏపుగానే ఉంటుంది. టమాటా కాయ నిమ్మకాయంత అయ్యేసరికి అడుగున నల్లమచ్చ పడి కుళ్లుతుంది. రైతు తెగులనుకుని మందు కొట్టిస్తాడు. తెగులు కాదు, కాయకు కాల్షియం అందలేదు.

హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ పొట్టును శిలీంధ్రాలతో పులియబెట్టి ‘అర్క ఫెర్మెంటెడ్ కోకోపీట్’ను తయారు చేసింది. దానికి జోడుగా ‘అర్క సస్య పోషక్ రస్’ అనే పోషక ద్రావణాన్నీ ఇచ్చింది. మిద్దెతోటకు కొత్తగా దిగేవాళ్లకు నేను ఆ దారే చెబుతాను. అయినా నీళ్ల సంగతి ఎవరిది వాళ్లు చూసుకోవలసిందే. ఎంత మంచి ద్రావణమైనా చివరికి కలిపేది మన బోరు నీళ్లలోనే కదా.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాతిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. పళ్లకు గార కట్టించిన ఫ్లోరైడ్ గురించి మన పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. 1990ల్లో సత్యసాయి ట్రస్టు అప్పటి అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు తాగునీళ్లు ఇచ్చే పథకం చేపట్టిందంటే బోరు నీళ్ల కష్టం ఎంతటిదో తెలుస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఇలాంటి బోర్లలో మామూలుగా బైకార్బొనేటు కూడా ఎక్కువే ఉంటుంది. తాగేవాళ్లు దాని ఊసెత్తరు. వేరుకు మాత్రం అసలు చిక్కు దానితోనే. డ్రిప్పు పైపు రంధ్రాల దగ్గర తెల్లగా గట్టిపడే పొరను చూసే ఉంటారు. అది కాల్షియంతో కలిసి బైకార్బొనేటు మిగిల్చిన సున్నం.

చాలామంది పీహెచ్ మీటరు ఒకటి కొని నీళ్లలో ముంచి, "ఏడున్నర ఉండాది, ఫరవాలేదు" అంటారు. పీహెచ్ ఆ క్షణానికి నీళ్లు పులుపు వైపున్నాయా, సున్నం వైపున్నాయా అన్నది మాత్రమే చెబుతుంది. ఎంత యాసిడ్ పోస్తే దిగివస్తాయో చెప్పదు. ఒకే ఊళ్లో రెండు బోర్లు ఏడున్నరే చూపించవచ్చు. ఒకదానికి నాలుగు చుక్కలు చాలు. రెండోది పోసినంతా తాగేసి, కాసేపు దిగినట్టు కనిపించి, పొట్టులోకి వెళ్లాక మళ్లీ పైకెక్కుతుంది. ఆ తేడా బైకార్బొనేటుది. అది నీటి పరీక్ష కాగితంలో ఉంటుంది, చేతి మీటరులో కనబడదు.

ఒక లెక్క చూద్దాం. కాగితంలో బైకార్బొనేటు లీటరుకు 366 మిల్లీగ్రాములుందనుకోండి. దాన్ని 61తో భాగిస్తే 6 వస్తుంది. ఒక వంతు ఉండనిచ్చి మిగతా 5 వంతులను యాసిడ్‌తో తీసేయాలి. దుకాణంలో సులభంగా దొరుకుతుందని అంతా ఫాస్ఫారిక్ యాసిడ్‌తోనే కానిస్తే లీటరు నీటికి 155 మిల్లీగ్రాముల భాస్వరం చేరుతుంది. టమాటాకు కావలసింది 50 లోపే. ఎక్కువైన భాస్వరం ఇనుమును, జింకును మొక్కకు అందకుండా చేస్తుంది. అదే పని నైట్రిక్ యాసిడ్‌తో చేస్తే లీటరుకు 70 మిల్లీగ్రాముల నత్రజని చేరుతుంది. అది మొక్క తినేదే. కాకపోతే ఎరువుల లెక్కలో అంత నత్రజని తగ్గించుకోవాలి. నైట్రిక్ యాసిడ్ ప్రమాదకరమైనది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా డబ్బా మూత తీయకూడదు. ఎప్పుడైనా యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ డబ్బా ఉండకపోవడమే మేలు.

చింతపండు మార్కెట్‌కు హిందూపురం పెట్టింది పేరు కాబట్టి, "చింతపండు రసం పోస్తే సరిపోదా అక్కా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. నిమ్మ ఉప్పు సంగతీ అడుగుతారు. పోసిన పూట మీటరులో అంకె దిగుతుంది. కానీ ఆ పులుపును పొట్టులోని సూక్ష్మజీవులు కొద్దిరోజుల్లోనే తినేస్తాయి, బైకార్బొనేటు మళ్లీ తయారవుతుంది. ఒక పూట పిచికారీకి అవి పనికొస్తాయి, రోజూ పోసే నీళ్లకు పనికిరావు.

పీహెచ్ 5.8, 6.2 మధ్య ఉండాలని ఇంత పట్టుబట్టడానికి ఇనుమే పెద్ద కారణం. ఇది మన వేరుశనగ రైతుకు కొత్త కథ కాదు. సున్నం పాలు ఎక్కువున్న చేలల్లో లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఎకరాకు కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు 200 లీటర్ల నీళ్లలో కలిపి కొట్టడం ఇక్కడివాళ్లకు తెలుసు. అక్కడ నేలలో ఇనుము ఉంది, మొక్కకు అందదు. గ్రోబ్యాగులోనూ అంతే. ఇనుము పోస్తూనే ఉంటాం, పీహెచ్ ఏడు దాటితే అది వేరు ముందే గడ్డకట్టిపోతుంది. ఈడీటీఏ రూపంలోని ఇనుము ఆరున్నర దాకానే నిలుస్తుంది, డీటీపీఏ ఏడున్నర దాకా తట్టుకుంటుంది. మన నీళ్లకు నేను రెండోదే వాడతాను, ధర ఎక్కువైనా సరే.

ఇక 19:19:19. మన ఎరువుల దుకాణాల్లో దీనికున్న గిరాకీ ఇంకోదానికి లేదు. మట్టిలో దాని మీద నాకు ఫిర్యాదు లేదు. పొట్టులో అదొక్కటే పోసి పంట తీయమంటే ఒప్పుకోను. అందులో కాల్షియం లేదు. నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది, దాన్ని విడగొట్టే సూక్ష్మజీవుల బలగం కొత్త పొట్టులో తక్కువ. కాబట్టి కాల్షియం విడిగా ఇవ్వాల్సిందే. అయితే కాల్షియం నైట్రేటు ఒక డ్రమ్ములో, సల్ఫేట్లూ ఫాస్ఫేట్లూ వేరే డ్రమ్ములో ఉండాలి. చిక్కటి ద్రావణాలుగా ఆ రెంటినీ కలిపారా, అడుగున తెల్లటి ముద్ద దిగుతుంది. డబ్బు పెట్టి కొన్న కాల్షియం అలా జిప్సంగా మారి డ్రిప్పు రంధ్రాలకు అడ్డంపడుతుంది.

నాకు రోజులో ఇష్టమైన పని బ్యాగు కింద గిన్నె పెట్టి, కారిన నీళ్లను కొలవడం. పోసిన నీళ్ల ఈసీ, అంటే కరిగిన ఉప్పుల కొలత, 1.8 ఉండి, కారినవి 2 చూపితే మనసు నిమ్మళం. 3 దాటితే పొట్టులో ఉప్పు పేరుకుంటోందని అర్థం. మొక్క వాడి ఉంటే ఆకలనుకుని ఇంకాస్త మందు పోయాలనిపిస్తుంది, అప్పుడు పోయవలసింది పలచటి నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలకు చేరినప్పుడు మొక్క తిండికంటే నీళ్లే ఎక్కువ లాగుతుంది, ఉప్పు వెనక మిగిలిపోతుంది. వేసవిలో మందు మోతాదు తగ్గించి, తడుల సంఖ్య పెంచాలి. పోసిన దాంట్లో పది నుంచి ఇరవై శాతం కిందికి కారిపోవాలని పుస్తకాలు చెబుతాయి. కరువు సీమలో నీళ్లు కారబోయమంటే ప్రాణం ఒప్పదు. ఆ నీళ్లను బిందెల్లో పట్టి మునగచెట్టుకూ టెంకాయ చెట్లకూ పోస్తాను. నేలకు అవి చక్కటి ఎరువు.

యాసిడ్ లెక్కలన్నిటికంటే నాకు నమ్మకమున్నది వాన నీటి మీద. దానిలో బైకార్బొనేటు లేనట్టే. సగం బోరు నీళ్లు, సగం వాన నీళ్లు కలిపితే పైన చెప్పిన 6 కాస్తా 3 అవుతుంది, యాసిడ్ అవసరం సగానికి పైగా తగ్గుతుంది. వంద చదరపు మీటర్ల మిద్దె మీద మన వానకు ఏడాదిలో 55 వేల లీటర్లు పడతాయి. అందులో సగం సంపులోకి దించుకున్నా చిన్న తోటకు పెద్ద ఆస్తి. గ్రోబ్యాగులకూ మీటర్లకూ వేలు ఖర్చుపెట్టేవాళ్లు మిద్దె నుంచి సంపుకు ఒక పైపు వేయించుకోకపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంకొకటి. శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు హంద్రీ-నీవా కాలువలో గొల్లపల్లి రిజర్వాయరు దాకా వస్తున్నాయి. ఆ నీళ్లతో చెరువు నిండిన ఏడాది పక్కనున్న బోరు నీళ్ల తీరు మారవచ్చు. అందుకని పాత కాగితం పట్టుకుని కొత్త పంటకు యాసిడ్ లెక్క వేయకండి. వానలకు ముందొకసారి, చెరువులు నిండాక ఒకసారి పరీక్ష చేయించండి. బోరును పావుగంట నడవనిచ్చి, అవే నీళ్లతో సీసాను మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా అంచు దాకా నింపి బిగించండి. పీహెచ్, ఈసీలతో పాటు బైకార్బొనేటు, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడు కూడా కావాలని చీటీ మీద రాసి సీసాకు అంటించండి. ఆ రోజే ప్రయోగశాలకు చేర్చండి, నిలవుంటే బైకార్బొనేటు అంకె మారిపోతుంది.