సాముగరిడీల పక్షాన

ఈ వారం టీవీ చర్చలో ఒక నాయకుడు ఎదుటాయన్ని "ఈ అంకెల సాముగరిడీలు కట్టిపెట్టండి" అని గదమాయించాడు. నాకు తిక్క రేగింది. పనిమంతుల మాటను తిట్టుగా వాడితే నేను ఊరుకోనని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు.

గరిడి అంటే సాము నేర్పే చోటు. కన్నడిగులు ఇప్పటికీ కుస్తీ నేర్పే చోటును గరడి మనె అంటారు. మా పాతబస్తీలో అది తాలీం. అరబ్బీలో ఆ మాటకు చదువు చెప్పడమని అర్థం. ఇక్కడికొచ్చి మట్టిలో పొర్లే చోటయింది. గ్రీకుల జిమ్నాషియం సరిగ్గా ఎదురు నడిచింది: కసరత్తుశాలగా పుట్టి జర్మనీలో హైస్కూలయింది. కోనసీమలోనైతే ఇల్లు పోయి ఆట మిగిలింది. అమలాపురంలో దసరాకు వీధుల్లో కత్తులూ కర్రలూ తిప్పడాన్నే చెడీ తాలింఖానా అంటారు.

చిన్నప్పుడు శాలిబండ దగ్గరి తాలీంకు మా మేనమామ నన్ను తీసుకుపోయాడు. ముసలి ఉస్తాద్ నా చేతికో కర్ర ఇచ్చి, తనది నా నెత్తి మీదికి ఎత్తాడు. కాచుకోవడానికి నేను పైకెత్తానో లేదో, మోకాలి మీద టప్‌మని పడింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ మోకాలే. కళ్లనీళ్లు పెట్టుకుంటే నవ్వి, "లకడీ కూ నక్కో దేఖ్ రే, కంధా దేఖ్" అన్నాడు. కర్ర అబద్ధమాడుతుంది, భుజం ఆడదు. ఆ ఎత్తుకు ఆయన పెట్టిన పేరు ఝాంసా. పచ్చి తెలుగులో, మోసం.

ఫెన్సింగ్‌లో దాన్నే ఫెయింట్ అంటారు. నటించడమనే అర్థమున్న ఫ్రెంచి మాటలోంచి వచ్చింది. తలకు గురిపెట్టినట్టు చూపి, ఎదుటి కత్తి పైకి లేవగానే డొక్కలో కొట్టడం. టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున తొలిసారి ఫెన్సింగ్ బరిలో దిగిన చెన్నై అమ్మాయి భవానీ దేవిది సేబర్ విభాగం. అందులో నడుం పైనే కొట్టాలి గనుక మా ఉస్తాద్ దెబ్బలకు ఒక్క పాయింటూ రాదు!

ఇంతా తవ్వాక తేలిందేమంటే, సాముగరిడీలంటే కనికట్టు అని జనం అనుకోవడంలో అన్యాయమేమీ లేదు. సాములో సగం కనికట్టే. దాన్ని నేర్చుకోవడానికే ఏళ్లు పడతాయి. నమ్మకపోతే ఈసారి దసరాకు అమలాపురం వెళ్లండి. కత్తి ఎటునుంచి వస్తుందో ఒక్కసారైనా ముందే పసిగడితే నాకు ఉత్తరం రాయండి.