బల్ల కింద యజమాని

దొంగభక్తుణ్ణి నాటకంలో చూపించడం ఎంత కష్టమో రాసినవాళ్లకే తెలుస్తుంది. అతని నోట వచ్చేవన్నీ మంచి మాటలే. దేవుడు, వైరాగ్యం, పాపభీతి, దానధర్మాలు. నిజమైన భక్తుడూ ఆ మాటలే పలుకుతాడు. చెవితో వింటే తేడా తెలియదు. 17వ శతాబ్దపు ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ ఈ చిక్కును 'తార్తూఫ్'లో విప్పాడు. మూడున్నర శతాబ్దాలు గడిచినా ఆ విద్యలో అతన్ని మించినవాళ్లు నాకు కనిపించలేదు.

అయిదంకాల నాటకం అది. పేరుకు తార్తూఫే కథానాయకుడు గానీ, రెండంకాలు ముగిసేదాకా అతను వేదికమీదికి రాడు. ఈలోగా ఇంటిల్లిపాదీ అతని గురించే తగువులాడుకుంటారు. యజమాని ఓర్గోన్, అతని తల్లి పెర్నెల్ అతన్ని మహాత్ముడంటారు. భార్య ఎల్మీర్, కొడుకు దామిస్, పనిమనిషి దోరీన్‌లకు అతని బండారం తెలుసు. ఊరినుంచి తిరిగొచ్చిన ఓర్గోన్ ఇంటి విశేషాలు అడుగుతాడు. అమ్మగారికి జ్వరం, భరించలేని తలనొప్పి, ముద్ద దిగలేదు అంటుంది దోరీన్. అతను వెంటనే తార్తూఫ్ ఎలా ఉన్నాడని అడుగుతాడు. ఆయనకేం, రెండు కౌజుపిట్టలూ సగం గొర్రె తొడా తిన్నాడని ఆమె జవాబు. ఓర్గోన్ అయ్యో అని జాలిపడతాడు, భార్యమీద కాదు, తార్తూఫ్ మీద. ఈ వరస నాలుగుసార్లు నడుస్తుంది. ఆమె రాత్రంతా నిద్రలేక అల్లాడితే అతను వెచ్చగా నిద్రపోయాడు. ఆమెకు వైద్యులు నెత్తురు తీస్తే అతను పొద్దున్నే నాలుగు గుక్కల వైన్ పట్టించాడు. ప్రతిసారీ ఓర్గోన్ నోట అదే జాలిమాట. మొదటిసారి నవ్వొస్తుంది. నాలుగోసారికి ఈ మనిషి చేయిదాటిపోయాడని ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

తెర ఎత్తగానే తార్తూఫ్‌ను చూపించి ఉంటే మనం అతని మాటల్లో నిజమెంతో తూచుతూ కూర్చునేవాళ్లం. మోలియేర్ ఆ సందేహానికి చోటివ్వలేదు. ఆ దుర్మార్గుడి రాకకు రంగం సిద్ధం చేయడానికే రెండు పూర్తి అంకాలు వెచ్చించానని ముందుమాటలో తానే చెప్పుకున్నాడు. తార్తూఫ్ మూడో అంకంలో అడుగుపెడుతూనే దోరీన్‌ను చూస్తాడు. ఆమెకు వినబడేలా, తన గుచ్చుకునే వస్త్రాన్నీ ఒంటిని శిక్షించుకునే కొరడానూ లోపల పెట్టమని నౌకరుకు పురమాయిస్తాడు. ఆ వెంటనే జేబులోంచి రుమాలు తీసి, రొమ్ము కప్పుకొమ్మని ఆమెకిస్తాడు. అతని చూపు ఎక్కడుందో ఆ గుడ్డముక్క చెప్పేస్తుంది. మాట పవిత్రం, చెయ్యి అపవిత్రం. చెవికి అందని తేడా ఇక్కడ కంటికి దొరుకుతుంది. నాటకమంతా 12 అక్షరాల గంభీరమైన ఫ్రెంచి ఛందస్సులో, ప్రాసతో సాగుతుంది. పద్యం ఆధ్యాత్మికంగా నడుస్తుంటే తార్తూఫ్ వేళ్లు ఎల్మీర్ దుస్తుల అంచుల్ని తడుముతుంటాయి.

చాటున దాక్కుని వినడం అంతకుముందే ఫార్సుల్లో ఉన్న పాత ఎత్తుగడ. మోలియేర్ బృందం పారిస్‌లో ఇటాలియన్ హాస్యనటులతో ఒకే నాటకశాలను పంచుకుంది, వాళ్ల పనితనాన్ని దగ్గరగా చూసింది. అయితే ఇక్కడ ఆ ఎత్తుగడకు పెద్ద పని పడింది. నాలుగో అంకంలో ఎల్మీర్ భర్తను బల్ల కింద కూర్చోబెట్టి, తార్తూఫ్‌ను పిలిపించి, అతనికి లొంగినట్టు నటిస్తుంది. మధ్యలో దగ్గి భర్తకు సైగ చేస్తుంది. ఓర్గోన్ కదలడు. రచ్చకెక్కని పాపం పాపమే కాదని తార్తూఫ్ ఆమెకు నచ్చజెబుతున్నా కదలడు. ఓర్గోన్‌ను ముక్కుతాడు వేసి ఎటైనా తిప్పవచ్చని అతను తేలిగ్గా మాట్లాడి, తలుపు అవతల చూసి రావడానికి వెళ్లాకే బల్ల కిందనుంచి లేస్తాడు. ప్రపంచ హాస్యనాటకాల్లో ఇంత భయంకరమైన నవ్వు అరుదు. ఆ ఓర్గోన్ పాత్రను మోలియేర్ తానే ధరించాడు. దొంగ వేషం సహనటుడు ద్యుక్రువాజీకి ఇచ్చి, మోసపోయేవాడి వేషం తన దగ్గర ఉంచుకున్నాడు. నాటకానికి ఆయువుపట్టు ఆ మోసపోయేవాడే.

అందుకే అయిదో అంకంలో తల్లి పెర్నెల్ ఘట్టం నాకు అన్నిటికన్నా ఇష్టం. నా కళ్లతో చూశానమ్మా అని ఓర్గోన్ మొత్తుకుంటాడు. కళ్లు మోసం చేస్తాయంటుంది ఆమె. నిన్నటిదాకా తాను ఇంట్లోవాళ్లతో ఎలా వాదించాడో ఈ రోజు తల్లి తనతో అలాగే వాదిస్తోంది.

ఓర్గోన్ బావమరిది క్లెయాంత్ నిజభక్తికీ నటనకూ తేడా వివరిస్తూ పెద్ద ఉపన్యాసాలిస్తాడు. అవి సబబైన మాటలే గానీ, దోరీన్ ఒక్క జవాబు చేసే పని అవి చేయలేవు.

ఈ నాటకం 1664 మే 12న వెర్సాయ్‌లో రాజోత్సవాల్లో మూడంకాలుగా ఆడింది. పద్నాలుగో లూయీకి నచ్చింది, అయినా బహిరంగ ప్రదర్శనను నిషేధించక తప్పలేదు. భక్తి పేరుతో రహస్యంగా పనిచేసే ఒక సంఘం దాన్ని ఆపించడానికి పూనుకుంది. మోలియేర్‌ను దహించాలని ఒక మతాచార్యుడు పుస్తకమే రాశాడు. 1667 ఆగస్టు 5న పేరు మార్చి, నాయకుడికి లౌకిక దుస్తులు తొడిగి 'మోసగాడు'గా ఆడిస్తే, రాజు యుద్ధంలో ఉండగా న్యాయాధిపతి లామువాన్యోఁ మర్నాడే ఆపేశాడు. ఆ నాటకం చూసినా చదివినా వెలివేస్తానని ఆర్చిబిషప్ ప్రకటించాడు. మధ్యలో 1665లో వచ్చిన 'దోం జువాఁ'లోనూ చివరి అంకంలో నాయకుడు భక్తి ముసుగు వేసుకుంటాడు. అదీ 15 ప్రదర్శనలతో ఆగింది. చివరకు 1669 ఫిబ్రవరి 5న 'తార్తూఫ్'కు అనుమతి దొరికింది. జనం విరగబడి చూశారు.

ముగింపులో రాజు అధికారి వచ్చి తార్తూఫ్‌ను పట్టుకుపోవడం అతికించినట్టుందని చాలామంది విమర్శకులు అంటారు. నేను ఒప్పుకోను. ఆస్తిపత్రం దొంగ చేతికి వెళ్లింది, రహస్య పత్రాలున్న పెట్టె వెళ్లింది, జప్తుకు అమీనా గుమ్మంలోకి వచ్చాడు. తెలివిగల భార్య, ధైర్యంగల పనిమనిషి ఉన్నా ఆ ఇల్లు తనను తాను కాపాడుకోలేకపోయింది. వ్యవహారం ఎంత దూరం పోయిందో చెప్పడానికే రాజు దిగిరావాల్సివచ్చింది.

మనకు మోలియేర్ కొత్తవాడు కాదు. హాస్యబ్రహ్మ భమిడిపాటి కామేశ్వరరావు అతని నాటకాలను తెలుగు ఇళ్లలోకి తెచ్చారు. ఇవాళ 'తార్తూఫ్'ను పరిషత్తులకోసం ఎత్తుకునే సమాజాలకు ఒక విన్నపం. నిడివి కుదించాల్సివస్తే క్లెయాంత్ ఉపన్యాసాలు కుదించండి. దొంగను ముందే వేదికమీదికి తేకండి, పెర్నెల్ నమ్మని ఆ ఘట్టాన్ని మాత్రం ముట్టుకోకండి.