చేతులు చూపించండి

డెర్మటోమయోసైటిస్ రోగి ఓపీలోకి రాగానే నేను రిపోర్టులు అడగను. చేతులు చూపించమంటాను. వేళ్ల కణుపుల మీద పొక్కులు లేచాయా, గోళ్ల మొదళ్లు ఎర్రగా కందాయా, వేళ్ల అంచులు పగిలి గరుకుబారాయా అని చూస్తాను. ఆ తర్వాత మోచేతులు, మెడ, వీపు, తొడల పక్కలు. జుట్టు పాయలు తీసి మాడు కూడా చూస్తాను. దురదతో నిద్ర పట్టడం లేదని చాలామంది అడిగితే గానీ చెప్పరు.

ఒంట్లోని రక్షణ వ్యవస్థే సొంత కండరాల మీద, చర్మం మీద తిరగబడే జబ్బు ఇది. మొదట్లో అందరి ధ్యాసా కండరాల మీదే ఉంటుంది, ఉండాలి కూడా. పీట మీద నుంచి లేవలేని మనిషికి, జడ వేసుకోవడానికి చేతులెత్తలేని మనిషికి ముందు బలం రావాలి. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ లాంటి మందులతో చాలామంది కోలుకుంటారు. కండరాల దెబ్బను చూపే రక్తపరీక్ష, సీపీకే, నార్మల్‌కు వస్తుంది. అక్కడితో జబ్బు తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, కొన్నిసార్లు డాక్టర్లమూ అనుకుంటాం. కానీ చర్మం సంగతి సీపీకే చెప్పదు. కండరాలు కుదుటపడ్డాక కూడా ఏళ్ల తరబడి చర్మంలో జబ్బు రగులుతూనే ఉండొచ్చు.

మన ఒంటి రంగులో దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. కనురెప్పల మీద వచ్చే ఊదారంగు మనకు నల్లగానో, ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది. మంగు అనుకుని మెడికల్ షాపులో ఏదో క్రీము కొని రాసుకుంటారు. ఈలోగా మెడ, భుజాల మీద చర్మం పల్చబడి, నలుపూ తెలుపూ కలిసిన మచ్చలు పడతాయి. అవి అంత తొందరగా పోవు.

అన్నిటికన్నా ఎక్కువకాలం వేధించేవి కాల్షియం గడ్డలు. పిల్లల్లో ఎక్కువగా వస్తాయి, పెద్దల్లోనూ చూస్తున్నాం. బట్టలు కుట్టే ఒకావిడకు మిషన్ బల్ల మీద ఆనే చోట మోచేతి గడ్డ చిట్లింది. కట్టు విప్పితే గాజుగుడ్డకు తెల్లటి సుద్దలాంటిది అంటుకుని ఉంది. "చీము కాదు డాక్టరు గారూ, సున్నం వస్తోంది" అంది. ఒంట్లో సున్నం ఎక్కువైందని ఎవరో చెబితే పాలు, పెరుగు మానేసి నెలలవుతోందట. ఈ గడ్డలు రక్తంలో కాల్షియం పెరిగి వచ్చేవి కావు. దెబ్బతిన్న కణజాలంలో కాల్షియం పేరుకుంటుంది, రక్తపరీక్షలో మామూలుగానే ఉంటుంది. పైగా స్టెరాయిడ్లు ఎముకలను గుల్ల చేస్తాయి కాబట్టి, పాలు మానేయడం ఆవిడకు రెండో నష్టం. ఈ గడ్డలను కచ్చితంగా కరిగించే మందు ఇంకా లేదు. డిల్టియాజెమ్, సోడియం థయోసల్ఫేట్ లాంటివి కొందరికి కొంత పనిచేస్తాయి. మరీ ఇబ్బంది పెట్టే గడ్డను సర్జన్ తీస్తారు. జబ్బును తొలినాళ్లలోనే గట్టిగా అదుపు చేయడం మేలని నా నమ్మకం.

చర్మం లోపలి ప్రమాదాన్నీ చెబుతుంది. కణుపుల మీద లోతైన పుండ్లు పడితే ఎండీఏ-5 యాంటీబాడీ ఉందేమో చూడాలి. ఆ రకంలో ఊపిరితిత్తులు వేగంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. పెద్దల్లో ఈ జబ్బు వెనక క్యాన్సర్ దాగి ఉండే అవకాశం తొలి మూడేళ్లలో ఎక్కువ. అందుకే ఆరిన మచ్చలు మళ్లీ రగిలితే నేను క్రీము మార్చి పంపించను.

ఈ జబ్బుతో ఉన్నవాళ్లకు ఒక మాట. ఎండ దీన్ని రెచ్చగొడుతుంది, బస్సు కిటికీ అద్దంలోంచి పడే ఎండతో సహా. పొడుగు చేతుల నూలు బట్టలు వేసుకోండి, సన్‌స్క్రీన్ వాడండి. స్టెరాయిడ్లు మీ అంతట మీరు ఆపకండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, రిపోర్టు బాగున్నా సరే, మోచేతులు, కణుపులు చూడమని అడగండి.