‘మైదానం’లో రాజేశ్వరి ప్రేమ: ఒక పరిశీలన

చలం (1894-1979) నవల ‘మైదానం’ 1927 నాటిది. దీన్ని అవినీతి అని తిట్టినవారున్నారు, స్త్రీ స్వేచ్ఛకు పతాక అని మెచ్చుకున్నవారూ ఉన్నారు. పరీక్షలో చాలామంది విద్యార్థులు ఈ రెండిట్లో ఒకటి ఎంచుకొని జవాబు ముగిస్తారు. మీరు అంతకుముందు ఒక ప్రశ్న వేసుకోండి. రాజేశ్వరిని నాశనం చేసింది ఏది?

ప్లీడరు భార్య అయిన రాజేశ్వరి ఇల్లు విడిచి, అమీర్‌తో ఊరికి దూరంగా మైదానంలో కాపురం పెడుతుంది. కులం, మతం, పరువు అనే గోడలు అక్కడ లేవు. ఆమె పొందిన ఆనందం నిజమైనదే. చలం వచనంలోని వేగం దాన్ని మనచేత నమ్మిస్తుంది.

ఇప్పుడు మిగిలిన సంఘటనలను వరుసగా రాసుకోండి. అమీర్ ఆమెను కొడతాడు. అతని మనసు మరో స్త్రీ మీదికి పోతే రాజేశ్వరే సాయపడుతుంది. ఆమె గర్భవతి అయితే గర్భం తీయించుకోమని పట్టుబడతాడు. మీరా అనే కుర్రవాడిపై ఆమెకు మమకారం కలిగితే మాత్రం సహించలేడు. చివరకు అమీర్ మరణిస్తాడు. ఆమె నేరం తనమీద వేసుకొని జైలుకు వెళుతుంది. ప్రతిచోటా ఇష్టం అమీర్‌ది, మూల్యం రాజేశ్వరిది. గోడలు పోయాయి గాని, పెత్తనం పోలేదు.

ఇది మనకు వెంటనే తట్టదు. ఎందుకంటే కథ చెబుతున్నది రాజేశ్వరే. దెబ్బలో కూడా ఆమెకు ప్రేమే కనిపిస్తుంది. ఉత్తమ పురుష కథనంలో పాత్ర నమ్మినది ఒకటి, కథ చూపినది మరొకటి కావచ్చు. ఈ తేడాను పట్టుకోవడమే విమర్శకుని పని.

చలం బెజవాడలో చాలాకాలం నివసించి 1950లో అరుణాచలం వెళ్లారు. ఆ ఊళ్లోనే స్థిరపడిన విశ్వనాథ సత్యనారాయణ ‘చెలియలికట్ట’లో, మరిదితో వెళ్లిపోయిన రత్నావళి కథ చెప్పారు. చెలియలికట్ట అంటే సముద్రానికి హద్దయిన ఒడ్డు. ఆ హద్దు దాటిన సముద్రం ఏం చేస్తుందో 1977 ఉప్పెన చూసిన దివిసీమకు తెలుసు. విశ్వనాథ దృష్టిలో హద్దు దాటడంలోనే వినాశం ఉంది. ‘మైదానం’ హద్దు దాటిన తరువాత ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో చూపుతుంది. రాజేశ్వరి పతనానికి కారణం అక్కడే వెతకాలి.

“కొట్టినా నామీద ప్రేమతోనే” అనే మాట మీరూ ఎక్కడో విని ఉంటారు. చెప్పేవారి ప్రేమను శంకించనక్కర్లేదు. ఆ ప్రేమలో ఎవరి ఇష్టం చెల్లుతోందో అడగండి. ఈ నవల మనకు నేర్పే ప్రశ్న అదే.

అభ్యాసం: రాజేశ్వరి ‘కాదు’ అన్న సందర్భాలను నవలలో గుర్తించి, ప్రతిసారీ ఏం జరిగిందో పది పంక్తుల్లో రాయండి.