కమోడ్ కదపాలంటే

బాత్‌రూమ్ కొత్తగా చేయించుకోవాలనుకున్నవాళ్లు ముందు టైల్స్ షాపుకి వెళ్తారు. అక్కడ గోడ రంగు కుదురుతుంది, షవర్‌కి అద్దం తలుపు కుదురుతుంది. ఇంటికొచ్చి కాగితం మీద ప్లాను గీసేసరికి తలుపుకి ఎదురుగా ఉన్న కమోడ్ కిటికీ కిందికి వెళ్లిపోతుంది. కాగితం మీద అది చిన్న గీత. నేలలో మాత్రం అది నాలుగంగుళాల పైపు, దాని వాటం, దాని కింద శ్లాబు, శ్లాబు కింద ఇంకొకరి ఇల్లు. పాత ఇళ్ల మరమ్మతులు చేయించడమే నా పని కాబట్టి నిర్మొహమాటంగా చెబుతున్నాను. మిగతా దారులన్నీ వెతికి చూశాకే కమోడ్ జోలికి వెళ్లాలి.

వాష్‌బేసిన్ జరపడం తేలిక. దాని నీళ్లు పోయే పైపు ఇంచుంపావుదో ఇంచున్నరదో ఉంటుంది, గోడలో గాడి కొట్టి ఎటైనా తిప్పుకోవచ్చు. కమోడ్ పైపు 110 మిల్లీమీటర్లది. అది మన గోడల్లో ఇమడదు, నేలలోనే పోవాలి, పోతూ పోతూ దిగాలి. ఎంత దిగాలంటే, మేస్త్రీలు మామూలుగా నలభైకి ఒకటి చొప్పున వాటం ఇస్తారు. కమోడ్‌ని ఆరడుగులు జరిపితే ఆ లెక్కన దాదాపు రెండంగుళాలు. పైపు లావు నాలుగంగుళాల పైమాటే. పైన కాంక్రీటు, సిమెంటు మాలు, టైలు కలుపుకుంటే ఎనిమిది తొమ్మిది అంగుళాల లోతు కావాలి. మీ నేలలో ఆ లోతు ఉందా? మొత్తం ప్లాను ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది.

బాత్‌రూమ్ దగ్గర శ్లాబుని అడుగు దాకా కిందికి దించి, ఆ గుంటలో పైపులు పరిచి, ఇటుక ముక్కలతో నింపిన ఇళ్లయితే కొంత వీలుంటుంది. సంకన్ శ్లాబు అంటారే, అది. పాత అపార్ట్‌మెంట్లలో చాలావాటికి అది లేదు. మీ కమోడ్ పైపు శ్లాబు దాటి కిందివాళ్ల బాత్‌రూమ్ కప్పుకి వేలాడుతూ పోతుంది. అక్కడ కమోడ్ జరపడమంటే శ్లాబుకి కొత్త బొక్క, కిందివాళ్ల ఇంట్లో కొత్త పైపు. వాళ్లు ఒప్పుకోకపోతే మిగిలేది మీ బాత్‌రూమ్ నేలంతా ఎత్తు చేయడం. అప్పుడు తలుపు దగ్గర మెట్టు వస్తుంది. తడికాళ్లతో దిగే చోట మెట్టు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు.

ఇక నీటి సంగతి. పాత ఫ్లష్ ట్యాంకులు ఒక్కసారికి పది పన్నెండు లీటర్లు వదిలేవి. ఇప్పటివి రెండు మీటలతో ఆరు, మూడు లీటర్లే వదులుతాయి. నీటి పొదుపుకి అది మంచిదే. కానీ ఆ కొద్ది నీళ్లే మలాన్ని మోసుకుంటూ నిలువు పైపు దాకా చేరాలి. అడ్డంగా పోయే దూరం పెరిగిన కొద్దీ, వంపులు పెరిగిన కొద్దీ అది మధ్యలో ఆగిపోయే అవకాశం పెరుగుతుంది. గాలి సంగతి కూడా చూడాలి. కమోడ్ అడుగున వంపులో నిలిచే నీళ్లే మురుగు వాసనని ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ పేటెంట్ పొందిన ఆ వంపే నేటికీ మన ఇళ్లకి కాపలా. పైపుకి సరైన గాలిగొట్టం లేకపోతే పైఅంతస్తువాళ్లు ఫ్లష్ చేసినప్పుడల్లా మీ కమోడ్‌లో గుడగుడమని చప్పుడొస్తుంది, ఆ నీళ్లు లాగేసుకుపోతాయి. ఆ తర్వాత ఎన్ని ఫినాయిల్ సీసాలు పోసినా వాసన పోదు.

ఈ మధ్య విజయవాడలో ఒక ఇంటికి వెళ్లాను. పెద్దావిడకి మోకాలి ఆపరేషన్ అయింది. మెట్టెక్కి కూర్చునే ఇండియన్ టాయిలెట్ తీసేసి కమోడ్ పెట్టాలి. ఆ పనిలో పనిగా దాన్ని ఎదురు గోడకి మార్చాలని కొడుకూ కోడలూ బొమ్మ కూడా గీయించుకున్నారు. శ్లాబు దించలేదు, పైపు కిందింట్లో వేలాడుతోంది. అత్తగారిని అడగమన్నాను. ఆవిడ, “ఎక్కడుంటే ఏం నాయనా, లేచేటప్పుడు పట్టుకోడానికి గోడ ఉండాలి” అంది. పాత చోటు పక్కనే గట్టి గోడ ఉంది. బొమ్మలోని కొత్త చోటికి రెండు వైపులా ఖాళీయే. కమోడ్‌ని పాత బొక్క మీదే పెట్టించాం. కూర్చునే ఎత్తు 18 అంగుళాల దగ్గరికి వచ్చేలా చూశాం, గోడకి స్టీలు కడ్డీ బిగించాం, తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాం. వాష్‌బేసిన్‌ని కిటికీ పక్కకి జరిపితే వాళ్లు కోరుకున్న ఖాళీ స్థలమూ వచ్చింది. ఆ ఇంట్లో పెద్దావిడ మాటే అసలు ప్లాను.

వాస్తు కోసం మార్చమనేవాళ్లూ ఉంటారు. నమ్మకాన్ని నేను కాదనను. అయితే చాలా ఇళ్లలో వాళ్లకి కావలసింది కూర్చునే దిశ మారడం. గొట్టం నేలలోకి దిగే రకం కమోడ్ అయితే, గోడ నుంచి బొక్కకి ఉన్న దూరం కుదిరితే, అదే బొక్క మీద దాన్ని పక్కకి తిప్పి బిగించవచ్చు. శ్లాబు జోలికి వెళ్లకుండానే పని అయిపోతుంది.

చక్రాల కుర్చీ తిరగడానికి చోటు లేకపోతేనో, పక్కగోడకి మరీ ఆనుకుని కూర్చోలేకపోతున్నారంటేనో జరపక తప్పదు. అప్పుడు ఖర్చుకి వెనకాడకండి. బొక్కని సుత్తీ ఉలీతో కొట్టనివ్వకండి, కోర్ కటింగ్ మెషిన్ తెప్పించండి. బీముని ఎవరు చెప్పినా ముట్టుకోనివ్వకండి. నిటారు మలుపు బదులు రెండు సగం వంపులు వేయించండి. మూసుకుపోతే తెరవడానికి వీలుగా చెయ్యి అందే చోట డోర్ బెండు పెట్టించండి. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక రెండు రోజులు నీళ్లు నిలగట్టి, కిందింటి కప్పు చూసొచ్చాకే టైలు మేస్త్రీని పిలవండి. పైపులు కప్పెట్టేముందు ఫోన్లో ఫొటోలు తీసుకోండి. పదేళ్ల తర్వాత గోడకి మేకు కొట్టేవాడికి అవే దిక్కు.

బాత్‌రూమ్ మార్చే ఆలోచన మీకుంటే, టైల్స్ షాపుకి బయల్దేరేముందు ప్లంబరుకి ఒక పూట కూలి ఇచ్చి పైపు ఎక్కడుందో, ఎంత లోతుందో కొలిపించండి. అదే రోజు కిందింటి తలుపు తట్టి, చేయబోయే పని వాళ్లకి చెప్పండి.