పేరు కంపెనీది, పట్టు వస్తాదుది

మా చిన్నప్పుడు కాటారం కిరాణా దుకాణాల్లో టీవీ కుస్తీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వస్తాదుల బొమ్మల కార్డులు దొరికేవి. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు చెప్పి అవతలివాడి కార్డు గుంజుకోవాలి. అండర్‌టేకర్ చేతికొచ్చిన పిల్లగాడే ఆ పూటకు దొర. ఆ అండర్‌టేకర్‌నే 1990 దాకా డబ్ల్యూసీడబ్ల్యూ అనే పోటీ కంపెనీలో మీన్ మార్క్ అనేవారని మాకేం తెలుసు?

తెలిసినా పెద్దగా ఆశ్చర్యపోయేవాళ్లం కాదేమో. మా దిక్కు నక్సలైట్ల దళంలో కలిసినోళ్లకు ఇంట్లో ఒక పేరు, పార్టీలో ఒక పేరు, ఏరియా మారితే మరొకటి. అది ప్రాణం కాపాడుకునే పని. టీవీ కుస్తీలో మాత్రం పేరంటే ఆస్తి, పట్టా కంపెనీ చేతిలో ఉంటుంది.

పాత వస్తాదులకు ఈ బాధ లేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడిని జనం కలియుగ భీముడన్నారు. ఆ బిరుదు ఆయన ఎక్కడికి పోతే అక్కడికి వెంట పోయింది. సర్కసూ ఆయనదే, ఇక అడిగేదెవరు?

కంపెనీ వస్తాదు గడప దాటితే పేరు అక్కడే విడిచిపెట్టాలి. పాత పేరు పలకకుండానే జనం గుర్తుపట్టేలా చేసుకోవడం ఒక విద్య. 1996లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నుంచి రేజర్ రామోన్, డీజిల్ ఇద్దరూ డబ్ల్యూసీడబ్ల్యూకి వచ్చారు. రేజర్‌గా వెలిగిన స్కాట్ హాల్ మొదటి రాత్రి ప్రేక్షకుల్లోంచి నడిచొచ్చి మైకు అందుకున్నాడు. పేరు చెప్పలేదు. నేనెవరో మీకు తెలుసు, ఎందుకొచ్చానో తెలియదు అన్నాడు, అంతే. అదే నడక, అదే యాస. పాత కంపెనీ కోర్టుకెక్కింది. అంతటితో ఆగక, అవే పేర్లు, అవే వేషాలు ఇంకో ఇద్దరికి తగిలించి బరిలోకి దింపింది. జనం ఛీకొట్టారు. పేరు మీద పట్టా ఉన్నా మనిషి లేడు మరి. ఆ నకిలీ డీజిల్, గ్లెన్ జేకబ్స్, మరుసటి ఏడు ముసుగు తొడుక్కుని కేన్ అయ్యాడు. మా కార్డుల ఆటలో అతనికీ మంచి గిరాకీ ఉండేది.

నాకు బాగా నచ్చిన ఉపాయం డడ్లీ అన్నదమ్ములది. 2005లో కంపెనీ మారితే డడ్లీ అన్న మాట వాడుకునే వీల్లేకపోయింది. ఇద్దరూ కలిసి ప్రత్యర్థిని ఎత్తి కుదేసే వాళ్ల పట్టును త్రీడీ అనేవారు. జట్టుకు టీమ్ త్రీడీ అని పెట్టుకున్నారు. కోడీ రోడ్స్ అయితే ఇంటిపేరు వదిలి, ఉత్త కోడీగా కొన్నేళ్లు నెట్టుకొచ్చాడు.

2023 సెప్టెంబర్ 8న డబ్ల్యూడబ్ల్యూఈ, అంటే మా కార్డుల నాటి డబ్ల్యూడబ్ల్యూఎఫే, హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియానికి వచ్చింది. జాన్ సీనా పక్కన నిలబడిన సెత్ రోలిన్స్ ఒకప్పటి టైలర్ బ్లాక్. గుంథర్ అంతకుముందు వాల్టర్. కంపెనీ మారకుండానే 2022లో పేరు మార్చేశారు. కొత్త పేరు చప్పగా ఉందని చాలామంది మొత్తుకున్నారు, నేనూ అందులో ఉన్నాను. కానీ అరచేత్తో ఎదుటివాడి ఛాతీ మీద కొడితే వచ్చే ఆ చప్పుడు, ఆ వెంటనే తేలే ఎర్రటి వాత ఏమీ మారలేదు. మన దేశపు వస్తాదు సంగా అసలు పేరు సౌరవ్ గుర్జర్, హిందీ మహాభారతం సీరియల్‌లో భీముడు.

ఆ రాత్రి వచ్చినవాళ్లలో సామీ జేన్ కథ వేరే. చిన్న కంపెనీల్లో ముసుగేసుకుని ఎల్ జెనెరికోగా ఆడాడు. మెక్సికో వస్తాదునని చెప్పుకునేవాడు గానీ పుట్టింది కెనడాలో. 2013లో పెద్ద కంపెనీలోకి వస్తూ ముసుగు, పేరు రెండూ వదిలేశాడు. ముసుగు మనిషి కోసం జనం పాడే ఓలే ఓలే పాట మాత్రం అతని వెనకే వచ్చింది. జెనెరికో ఏమయ్యాడని అడిగితే తనకేం సంబంధం లేనట్టు మాట్లాడతాడు: పాపం మంచివాడు, రిటైరై మెక్సికోలో అనాథ పిల్లల్ని చూసుకుంటున్నాడట.