పేరులేని నావికులు: కెప్టెన్ నెమో రాబోయే తెర అనుసరణ – విశాఖ తీరం నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

జూల్స్ వెర్న్ సృష్టించిన కెప్టెన్ నెమో భారతీయ రాకుమారుడు. అయినా శతాబ్దానికి పైగా వచ్చిన తెర అనుసరణల్లో అతని భారతీయత చాలాసార్లు మరుగున పడింది. ఇటీవలి అనుసరణ ఆ లోటును కొంత పూరించింది. ఈ నవల ఇకపై తెలుగులో తెరకెక్కితే దానిని ఏ ప్రమాణంతో అంచనా వేయాలన్నది ఈ వ్యాసం చర్చించే విషయం. నాయకుడి జాతీయతను పునరుద్ధరించడంతో పని పూర్తికాదని, మూలంలో పేర్లు లేకుండా మిగిలిన నావికుల స్థానమే అసలు పరీక్ష అని, ఆ పరీక్షకు కావలసిన చారిత్రక సామగ్రి విశాఖపట్నంలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విజ్ఞానకల్పన, అనుసరణ, జూల్స్ వెర్న్, నెమో, విశాఖపట్నం, జలాంతర్గామి, శ్రామికులు.

1. ఉపోద్ఘాతం

‘ట్వంటీ థౌజండ్ లీగ్స్ అండర్ ది సీ’ 1869–70 సంవత్సరాలలో ఫ్రెంచి భాషలో ధారావాహికగా వెలువడింది. కథాకాలం ప్రకారం 1868 జనవరిలో నాటిలస్ జలాంతర్గామి బంగాళాఖాతం ముఖద్వారం మీదుగా సాగుతుంది. గంగానది మోసుకొచ్చిన శవాలు నీటిపై తేలుతూ కనిపిస్తాయి. రాత్రివేళ సముద్రం పాలవలె తెల్లగా మెరుస్తుంది. ఆ తరువాత నౌక సింహళం వైపు మళ్లుతుంది. తెలుగు తీరం నవలలో దృశ్యంగా రాదు. కాని ఆ నౌకను నడిపిస్తున్నవాడు భారతదేశపు తిరుగుబాటుదారు అన్న సంగతి తరువాతి నవల ‘ది మిస్టీరియస్ ఐలాండ్’ (1874–75)లో వెల్లడవుతుంది.

వెర్న్ 1905లో మరణించాడు. ఆయన రచనలపై కాపీహక్కులు ఎన్నడో ముగిశాయి. ఏ భాషా చిత్రపరిశ్రమ అయినా నెమో కథను స్వేచ్ఛగా తీసుకోవచ్చు. తెలుగులో అలాంటి చిత్రం ప్రకటితమైందని ఇక్కడ చెప్పడం లేదు. అయితే జలాంతర్గామిని కథాస్థలంగా చేసుకొని విజయం సాధించిన అనుభవం తెలుగు సినిమాకు ఉంది. కాబట్టి ఆ అనుసరణ రాకముందే దాని నుంచి ఏమి ఆశించాలో ఆలోచించడం విమర్శ చేయవలసిన పనే.

2. నెమో భారతీయత: రాతప్రతి నుంచి తెర దాకా

వెర్న్ తొలి ఊహలో నెమో పోలండ్ దేశస్థుడు. 1863లో రష్యా పాలనపై జరిగిన పోలిష్ తిరుగుబాటులో కుటుంబాన్ని కోల్పోయినవాడు. రష్యాలో పుస్తక విక్రయాలు దెబ్బతింటాయన్న ఆందోళనతో ప్రచురణకర్త హెట్జెల్ ఆ ఆలోచనను అంగీకరించలేదు. ఫలితంగా మొదటి నవలలో నెమో దేశం చెప్పని మనిషిగా మిగిలాడు. లాటిన్‌లో ఆ పేరుకు ‘ఎవరూ కాదు’ అని అర్థం. రెండవ నవలలో అతను బుందేల్‌ఖండ్ రాజకుమారుడు డక్కర్ అయ్యాడు. ఐరోపాలో చదువుకొని స్వదేశానికి తిరిగివచ్చి, 1857 తిరుగుబాటులో పోరాడి, సర్వస్వం పోగొట్టుకొని సముద్రాన్ని ఆశ్రయించాడు.

ఈ భారతీయతను పలచన చేసే పని సినిమాకన్నా ముందు అనువాదంలోనే మొదలైంది. మెర్సియర్ లూయిస్ పేరుతో వచ్చిన తొలి ఆంగ్లానువాదం మొదటి నవలలో దాదాపు నాలుగవ వంతును తొలగించింది. కింగ్‌స్టన్ పేరుతో 1875లో వెలువడిన రెండవ నవల అనువాదం డక్కర్ పూర్వకథలోని బ్రిటిష్ వ్యతిరేకతను మార్చివేసింది. ఈ పాఠాలే దశాబ్దాల పాటు పునర్ముద్రితమయ్యాయి. కాబట్టి ఆంగ్లం ద్వారా ఈ నవలలను చేరుకునే అనుసరణకర్త ముందుగా తన చేతిలోని పాఠం ఏదో నిర్ధారించుకోవాలి.

తెర చరిత్ర ఒకే దిశలో సాగలేదు. స్టువర్ట్ పాటన్ 1916లో తీసిన మూకీ చిత్రం రెండు నవలలను కలిపి నెమోను భారతీయ రాకుమారుడిగానే చూపింది. 1954 నాటి డిస్నీ చిత్రంలో జేమ్స్ మేసన్ నెమో అయ్యాడు. అక్కడ అతను ఏ వలసపాలనకు బలయ్యాడన్న ప్రశ్న స్థానంలో పేరు చెప్పని ఒక దేశపు బందిఖానా వచ్చింది. ఎక్కువమంది ప్రేక్షకుల మనసులో నిలిచిన నెమో ఇతనే. 2003 నాటి ‘ది లీగ్ ఆఫ్ ఎక్స్‌ట్రార్డినరీ జెంటిల్‌మెన్’లో నసీరుద్దీన్ షా నెమోగా నటించినప్పుడు భారతీయత తిరిగివచ్చింది. కాని అది తలపాగా, ఖడ్గం, అలంకరణలకే ఎక్కువగా పరిమితమైంది.

షజాద్ లతీఫ్ నెమోగా నటించిన ‘నాటిలస్’ ధారావాహికను మొదట డిస్నీ సంస్థ కోసం నిర్మించారు. 2023లో ఆ సంస్థ దానిని విడిచిపెట్టింది. 2024 అక్టోబరులో బ్రిటన్‌లో ప్రైమ్ వీడియో ద్వారా, 2025లో అమెరికాలో ఏఎంసీ ద్వారా అది ప్రేక్షకులను చేరింది. ఇందులో నెమో వర్తక కంపెనీ బందీ. తనతోపాటు బందీలుగా ఉన్నవారితో కలిసి, తాము శ్రమించి కట్టిన జలాంతర్గామిలోనే తప్పించుకుంటాడు. నౌకను కట్టినవారే దానిని నడపడం ఈ అనుసరణ తెచ్చిన ముఖ్యమైన మార్పు. మూలంలో ఆ మార్పుకు చోటు ఎక్కడుందో చూడవలసి ఉంది.

3. మూలంలోని మౌనం

నాటిలస్ భాగాలను నెమో వేర్వేరు దేశాల కర్మాగారాలలో వేర్వేరు పేర్లతో తయారు చేయించాడని నవల చెబుతుంది. అడుగుదూలం ఫ్రాన్స్‌లోని క్రూసో నుంచి, చోదకచక్రం గ్లాస్గో నుంచి, యంత్రం ప్రష్యాలోని క్రుప్ కర్మాగారం నుంచి వచ్చాయి. వాటిని ఒక నిర్జన ద్వీపంలో కూర్చినవారు అతని సహచరులు. వారు ఎక్కడివారు, ఏ పని నేర్చినవారు, ఎందుకు వెంట వచ్చారు అన్న ప్రశ్నలకు కథకుడు అరొనాక్స్ వద్ద సమాధానం లేదు. తమలో తాము ఎవరికీ తెలియని భాషలో మాట్లాడుకుంటారు. ఒకరు మరణిస్తే సముద్రగర్భంలోని పగడాల శ్మశానంలో ఖననం చేస్తారు. అక్కడ కూడా పేరు వినిపించదు.

ఈ మౌనం ఒక్కచోట చెదురుతుంది. రాక్షస సముద్రజీవి పట్టులో చిక్కిన నావికుడు ప్రాణభయంతో సహాయం కోసం ఫ్రెంచిలో కేకవేస్తాడు. ఇన్నాళ్లూ తన దేశస్థుడు ఒకడు ఇదే నౌకలో ఉన్నాడని అరొనాక్స్‌కు అప్పుడు తెలుస్తుంది. మరణం ముంగిట్లో మాత్రమే ఆ మనిషికి మాతృభాష దక్కింది. సింహళ తీరంలో ముత్యాల కోసం మునిగే పేద భారతీయుడిని నెమో సొరచేప నుంచి కాపాడి, ముత్యాల సంచి చేతిలో పెడతాడు. పీడితుల దేశమే తన దేశమని చెబుతాడు. ఆ మాటకు, తన నౌకలోని నావికుల నిశ్శబ్దానికి మధ్య ఉన్న దూరాన్ని నవల ప్రశ్నించదు. అనుసరణ ప్రశ్నించగలదు.

4. తెలుగు తెర అనుసరణ పద్ధతి

పాశ్చాత్య విజ్ఞానకల్పనను తెలుగు తెర స్వీకరించిన తీరుకు సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) ప్రధానమైన ఉదాహరణ. వెల్స్ 1895 నాటి ‘ది టైమ్ మెషిన్’ నుంచి కాలయంత్రమనే ఊహ ఇందులోకి వచ్చింది. వెల్స్ యంత్రం భవిష్యత్తులోకి వెళ్లి, విలాసవర్గం, శ్రామికవర్గం రెండు జాతులుగా చీలిపోయిన మానవాళిని చూపింది. తెలుగు చిత్రం యంత్రాన్ని ముందుగా శ్రీకృష్ణదేవరాయల కాలానికి, తరువాత 2504 సంవత్సరానికి నడిపింది. ఆ భవిష్యత్తులో అణుయుద్ధ భయం ఉన్నా, వెల్స్ లేవనెత్తిన వర్గప్రశ్న లేదు. చిత్రం సాధించిన ఆత్మీయత, హాస్యం, కల్పనాశక్తి నిస్సందేహమైనవి. అయినా యంత్రాన్ని స్వీకరించి వివాదాన్ని వదిలిపెట్టే పద్ధతి ఇక్కడ కనిపిస్తుంది. నెమో విషయంలోనూ అదే జరిగితే నౌక, రాకుమారుడు, ప్రతీకారం మిగులుతాయి. నావికులు మళ్లీ నేపథ్యంలోకి జారుకుంటారు.

సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో 2017లో వచ్చిన ‘ఘాజీ’ మరో విధమైన పాఠం నేర్పుతుంది. 1971 డిసెంబరులో విశాఖ సమీప సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన ఘటన దీనికి ఆధారం. పాటలకు, విదేశీ అందాలకు తావివ్వకుండా ఇరుకైన ఉక్కుగదులలో కథ నిలపగలనని తెలుగు సినిమా ఇక్కడ నిరూపించుకుంది. అయితే చిత్రంలోని సంఘర్షణ ప్రధానంగా ముగ్గురు అధికారుల మధ్యది. సామాన్య నావికులు ఆజ్ఞలు పాటిస్తారు, దేశభక్తి గీతాలు ఆలపిస్తారు. యుద్ధచిత్రంగా ఆ ఎంపికకు న్యాయముంది. నెమో కథకు అది చాలదు. అతని సహచరులు రాజ్యపు ఆజ్ఞతో నౌక ఎక్కినవారు కారు.

5. విశాఖ అందించగల సామగ్రి

నెమో సహచరులు ఎవరై ఉండవచ్చన్న ప్రశ్నకు విశాఖపట్నం చరిత్ర ఒక సమాధానాన్ని సూచిస్తుంది. 1780 అక్టోబరు 3న ఇక్కడి కంపెనీ సిపాయిలను హైదరాలీపై యుద్ధానికి నౌకలలో మద్రాసు వెళ్లమని ఆదేశించారు. వారు నౌక ఎక్కడానికి నిరాకరించి తిరగబడ్డారు. ఆ ఘర్షణలో ఆంగ్లేయులు కొందరు మరణించారు. 1857కు 77 ఏళ్ల ముందటి ఘటన ఇది. డక్కర్ తిరుగుబాటును రాజవంశ గౌరవంతో ముడిపెట్టిన వెర్న్ కథకు, జీతానికి పనిచేసే సిపాయిల ఈ నిరాకరణ సరైన పూరకం. కంపెనీ నౌకను కాదన్నవారి మనుమలు 1857 తరువాత తమదైన నౌకను ఎక్కారన్న కల్పన చారిత్రక సంభావ్యతకు దూరం కాదు.

రెండవ ఆధారం కట్టడానికి సంబంధించినది. రామకృష్ణా బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారింది. వెర్న్ ఊహించిన నాటిలస్ పొడవు 70 మీటర్లు. కురుసుర పొడవు 91 మీటర్లు. నాటిలస్‌లో 12,000 గ్రంథాల పుస్తకశాల, చిత్రాలతో నిండిన విశాలమైన మందిరం ఉన్నాయి. అంతకన్నా పొడవైన కురుసురలో డెబ్బై మందికి పైగా మనుషులు టార్పెడోల పక్కన, గొట్టాల కింద అరల వంటి పడకలపై వంతులవారీగా నిద్రించారు. ఇప్పటివరకూ అనుసరణలు నెమో మందిరంపైనే మోజుపడ్డాయి. కురుసుర లోపల ఒక్కసారి నడిచిన దర్శకుడికి, ఆ మందిరం కోసం నావికులు ఎంత చోటు వదులుకొని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

మూడవది ఉక్కు. నెమో ఐరోపా కర్మాగారాలను ఏమార్చి లోహాన్ని సంపాదించాడు. విశాఖలో ఉక్కు కర్మాగారం కోసం 1966లో తెలుగు ప్రజలు ఉద్యమించి ప్రాణాలర్పించారు. ఆ కర్మాగారపు కొలుములకు గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్నారు. 1948లో ‘జల ఉష’ నౌక జలప్రవేశం చేసింది ఇక్కడి నౌకానిర్మాణ కేంద్రంలోనే. అణు జలాంతర్గామి అరిహంత్ 2009లో జలప్రవేశం చేసింది కూడా ఈ నగరంలోనే. వెల్డరు, ఫిట్టరు, క్రేన్ నడిపేవాడు, అతని పక్కన జాలరిపేట నుంచి వచ్చిన మనిషి ఉన్న ఊరిలో నౌక ఎలా తయారవుతుందో చూపడానికి గ్రాఫిక్స్ ఒక్కటే శరణ్యం కాదు. ఆ పనివారి మాట, యాస తెరపై వినిపిస్తే, నాటిలస్ నావికుల అర్థంకాని భాషకు ఒక అర్థం దొరుకుతుంది.

6. అభ్యంతరాలు

నావికుల అజ్ఞాతత్వం వెర్న్ కథనకళలో భాగమని, పేర్లు పెడితే రహస్యం చెడుతుందని వాదించవచ్చు. ఇందులో బలముంది. కాని ఆ రహస్యం అరొనాక్స్ దృష్టికి చెందినది. అతను అతిథి, బందీ, పండితుడు. కెమెరా అతని భుజం వెనుక మాత్రమే ఉండాలన్న నియమం లేదు.

రెండవ అభ్యంతరం మరింత తీవ్రమైనది. నెమోను సంపూర్ణ భారతీయుడిని చేస్తే అతను సులభంగా జాతీయవీరుడవుతాడు. నవల చివర నెమో ఒక యుద్ధనౌకను మనుషులతో సహా ముంచుతాడు. అరొనాక్స్ భయంతో చూస్తాడు. నెమో భార్యాబిడ్డల చిత్రం ముందు మోకరిల్లి విలపిస్తాడు. ఆ దృశ్యాన్ని చప్పట్లకోసం తీస్తే నవల నైతికబలం పోతుంది. విశాఖ సముద్రంలో ఘాజీతోపాటు తొంభై మందికి పైగా నావికులు మరణించారు. మునిగినవారికి కూడా ఇళ్లున్నాయన్న సంగతి ఈ తీరానికి కొత్త కాదు. పేరులేని నావికులను గుర్తించే దృష్టి శత్రునౌకలోని నావికుల వరకూ విస్తరించాలి.

7. ముగింపు

‘ది మిస్టీరియస్ ఐలాండ్’ నాటికి సహచరులందరూ ఒక్కొక్కరే మరణించి నెమో ఒంటరివాడవుతాడు. అతని మరణానంతరం నాటిలస్ అతని సమాధి అవుతుంది. అతని పూర్వకథ గ్రంథస్థమైంది, వారిది కాలేదు. రాబోయే అనుసరణ తెలుగులో వచ్చినా, మరే భాషలో వచ్చినా, నెమో పాత్రకు ఎవరిని ఎంపిక చేశారన్న ప్రశ్నతోపాటు మరో రెండు ప్రశ్నలు విమర్శకులు అడగాలి. నౌకను కట్టినవారు తెరపై ఉన్నారా? పగడాల శ్మశానంలో ఖననం జరిగేటప్పుడు ఆ మనిషి పేరు ప్రేక్షకుడికి తెలుసా? ఈ రెండింటికీ అవునని చెప్పగల చిత్రం మూలానికి విధేయంగా ఉంటూనే, మూలం చెప్పకుండా వదిలిన కథను కూడా చెప్పినట్లవుతుంది.